పారిష్ రిజిస్టర్లు చదవడం, 5వ పాఠం: బాప్తిస్మానికి ముందే భూస్థాపనా?

ఇంగ్లాండు పారిష్‌లలో, అంటే ఒక్కో చర్చి కిందికి వచ్చే ప్రాంతాలలో, పూర్వీకుల పేర్లు వెతుకుతున్నాం కదా, ఈసారి భూస్థాపన రిజిస్టర్లు మొదలుపెడదామనుకున్నాను. కానీ పోయిన పాఠానికి మీరు చేసి పంపిన అభ్యాసాలు చూశాక, ఒక సంగతి తేల్చకుండా ముందుకు పోలేమని అర్థమైంది. చాలామంది ఒకే చోట ఆగిపోయారు. "1731 ఏప్రిల్‌లో బాప్తిస్మం, 1731 ఫిబ్రవరిలో భూస్థాపన. పుట్టకముందే ఎలా పోతాడండీ, ఇతను మావాడు కాదు" అని పేరు కొట్టేశారు. దయచేసి ఆ పేర్లన్నీ మళ్ళీ రాసుకోండి. వాళ్ళు మీవాళ్ళే అయ్యుండొచ్చు.

ఇంగ్లాండులో 1751 వరకు చర్చి లెక్కల్లో, కోర్టు లెక్కల్లో సంవత్సరం మారేది జనవరి 1న కాదు, మార్చి 25న. దేవదూత మరియమ్మకు శుభవార్త చెప్పిన పండుగ అది, లేడీ డే అనేవారు. అంటే రిజిస్టర్లో 1731 డిసెంబరు తరువాత వచ్చేది 1731 జనవరి, ఆ తరువాత 1731 ఫిబ్రవరి. మన లెక్కలో అది 1732. ఆ పిల్లవాడు పుట్టకముందు పోలేదు, పది నెలలు బతికి పోయాడు.

నిజానికి మనకిది తేలిగ్గా అర్థం కావాలి. ఉగాది వస్తే గానీ మన సంవత్సరం పేరు మారదు కదా. శోభకృత్ దసరా 2023 అక్టోబరులో వచ్చింది, అదే శోభకృత్ సంక్రాంతి 2024 జనవరిలో వచ్చింది. సంవత్సరం పేరు ఒకటే అని సంక్రాంతిని దసరాకు ముందు పెట్టం. ఇదీ అంతే.

ఇంకో రెండు ఉదాహరణలు చెబుతాను, ఎందుకంటే ఇది బుర్రలో దిగితే సగం పని అయినట్టే. మొదటి ఎలిజబెత్ రాణి చనిపోయింది 1603 మార్చి 24న అని చదువుకున్నాం. ఆనాటి వాళ్ళకు అది 1602లో ఆఖరి రోజు. మొదటి చార్లెస్ రాజు తల నరికింది 1649 జనవరిలో, కానీ ఆయన మరణశిక్ష పత్రం మీద ఉన్నది 1648. ఇక 1751 సంగతి: చట్టం మార్చడం వల్ల ఆ సంవత్సరం మార్చి 25న మొదలై డిసెంబరు 31తోనే అయిపోయింది. చట్టం ప్రకారం 1751 ఫిబ్రవరి అనేదే లేదు. ఎక్కడైనా కనబడితే, రాసిన పాదిరి గారికి జనవరి నుంచి లెక్కపెట్టే అలవాటు ఉందన్నమాట, లేదా తరువాత ఎవరో మార్చారన్నమాట.

నాకు కోపం తెప్పించేది ఈ మార్చడమే. కొన్ని ఇండెక్సులు, అంటే రిజిస్టర్ల నుంచి తరువాత తయారుచేసిన పేర్ల పట్టికలు, తేదీని మన లెక్కలోకి మార్చి ఇస్తాయి, కొన్ని ఉన్నదున్నట్టు ఇస్తాయి, ఏది చేశారో చాలాసార్లు చెప్పరు. ఒక ఇండెక్సులో 1719 ఫిబ్రవరి అని ఉంటే నేను దాన్ని 1720గా మార్చుకుని, ఆ శీతాకాలం పేజీలన్నీ తిరగేసి, లేడని వదిలేశాను. ఆ మనిషి అసలు పేజీలో 1718 కింద ఉన్నాడు. అప్పటికే మార్చిన తేదీని నేను మళ్ళీ మార్చాను. ఒక ఏడాది తేడాతో మనిషే తప్పిపోయాడు.

అందుకే ఇండెక్సు దారి చూపడానికి మాత్రమే. పేజీ బొమ్మ తెరిచి, కొత్త సంవత్సరం అంకె ఏ తేదీ దగ్గర రాశారో చూడండి. మార్చి చివర ఉంటే పాత లెక్క, జనవరి ముందు ఉంటే కొత్త లెక్క. కొందరు 1731/2 అని రెండూ రాసేవారు, మన ఆర్థిక సంవత్సరం 2023-24 లాగా. నా నోటుపుస్తకంలో జనవరి నుంచి మార్చి 24 వరకు ప్రతి తేదీ అలాగే రాస్తాను, మీరూ అలాగే రాయండి.

నేనైతే ముందు బిషప్ కాపీలు తెరుస్తాను. 1598 నుంచి ప్రతి పారిష్ ఏటా తన రిజిస్టరుకు నకలు తీసి బిషప్‌కు పంపాలి. చాలాచోట్ల ఆ కాగితం తలమీదే "1731 లేడీ డే నుంచి 1732 లేడీ డే వరకు" అని ఉంటుంది, ఇక గొడవే లేదు.

భూస్థాపన గురించి ఈసారికి కాస్తే. రిజిస్టర్లో ఉండేది మట్టి చేసిన తేదీ, పోయిన తేదీ కాదు. 1813కు ముందు చాలాచోట్ల పేరు, తేదీ తప్ప ఏమీ ఉండదు. 1813 జనవరి నుంచి అచ్చు ఫారాలు వచ్చాయి కాబట్టి వయసు, నివాసం దొరుకుతాయి, కానీ తండ్రి పేరుకో భర్త పేరుకో అప్పుడూ గడి లేదు. అందుకే పెద్దాయన దొరికాడని సంబరపడే ముందు, అదే పేరుతో పోయిన పసివాడు ఉన్నాడేమో చూడండి. 1642 నుంచి 1660 దాకా అంతర్యుద్ధం, ఆ తరువాతి గందరగోళం వల్ల పేజీలే లేకపోవచ్చు. లండన్‌లో ఇంగ్లాండు చర్చిని ఒప్పుకోని కుటుంబమైతే పారిష్‌లో వెతకడం మాని బన్‌హిల్ ఫీల్డ్స్ అనే శ్మశానం రిజిస్టర్లు చూడండి, 1854 వరకు అక్కడ పూడ్చారు.

అభ్యాసం. 1700, 1750 మధ్య ఒక చిన్న పారిష్‌లో వరుసగా ఐదేళ్ళు తీసుకోండి. ప్రతి ఏడాది డిసెంబరు 1 నుంచి ఏప్రిల్ 30 వరకు ఉన్న భూస్థాపనలన్నీ చేత్తో రాయండి, రెండు సంవత్సరాల అంకెలతో. సంవత్సరం మారిన చోట ఎర్ర గీత గీయండి. బిషప్ కాపీతో సరిపోల్చండి. అదంతా అయ్యాకే ఇండెక్సు తెరిచి, అది తేదీలు మార్చిందో లేదో రాసుకోండి. చదవలేని పేరు ఉంటే ఖాళీ వదలండి, ఊహించి నింపకండి. వచ్చే పాఠంలో వర్క్‌హౌస్‌లో, అంటే దిక్కులేని పేదలను ఉంచి పని చేయించిన చోట, పోయినవాళ్ళ కోసం వెతుకుతాం, అప్పుడు ఈ కాగితాలు పక్కన ఉండాలి.