చిన్న రిసార్ట్ స్టూడియోలో పసిబిడ్డతో, అమ్మమ్మ తాతయ్యలతో కలిసి ఉండటం ఎలా? (డిస్నీ వరల్డ్ ట్రిప్ ప్లాన్ చేసేవాళ్ళ కోసం)

అమెరికాలో ఉండే మన ఇళ్ళల్లో ఇది మామూలే కదా, డెలివరీ టైముకి ఇండియా నుంచి అమ్మా నాన్నా వస్తారు, ఆరు నెలల స్టే ఉంటుంది, వాళ్ళు తిరుగు ఫ్లైట్ ఎక్కేలోపు ఎక్కడికన్నా తీసుకెళ్దాం అనుకుంటే ముందు గుర్తొచ్చేది ఓర్లాండోనే. డిస్నీ వరల్డ్ లోపలి రిసార్ట్‌లోనే దిగితే మధ్యాహ్నం ఎండ వేళకి పాపా పెద్దవాళ్ళూ రూమ్‌కొచ్చి పడుకునే వీలుంటుంది, కానీ రేట్లు చూశాక రెండు రూములు తీసుకోవడానికి చాలామందికి మనసొప్పదు, అందుకే డీలక్స్ స్టూడియో దగ్గర ఆగుతారు. ఒక్కటే గది, ఎక్కువ చోట్ల ఒక క్వీన్ బెడ్డు, రాత్రికి మంచంగా మారే సోఫా, చిన్న ఫ్రిజ్జు, మైక్రోవేవ్, సింకు, ఒక బాత్రూమ్, బుల్లి బాల్కనీ. స్టవ్ ఉండదు, రూమ్‌లో వాషింగ్ మెషిన్ ఉండదు.

ఇందులో నలుగురు పెద్దవాళ్ళూ ఒక పసిబిడ్డా బాగానే ఉండొచ్చు, గట్టిగా చెప్తున్నా. కాకపోతే నీ మూల ఇది, నా మూల ఇది అని స్థలం పంచుకోవాలని చూస్తే కుదరదు, అంత స్థలం లేదు. పంచుకోవాల్సింది గంటల్ని. ఎవరు ఎప్పుడు లోపలుంటారు, ఎవరు ఎప్పుడు బయటుంటారు అనేది ముందే అనుకుంటే మిగతాదంతా దానికదే సర్దుకుంటుంది.

1. బుక్ చేసే ముందు తలలు లెక్కపెట్టండి

చాలా స్టూడియోల్లో లిమిట్ నలుగురు, దానికి పైన మూడేళ్ళలోపు బిడ్డ ఒకరు క్రిబ్‌లో పడుకుంటే ఓకే. అంటే మీరిద్దరు, అమ్మా నాన్న, బుజ్జిది, సరిగ్గా సరిపోతుంది. ఇంకో పెద్దపిల్లాడు ఉన్నా, తమ్ముడు కూడా వస్తానన్నా ఈ స్టూడియో కాదు, అప్పుడు వన్ బెడ్‌రూమ్ చూడండి, అందులో పూర్తి కిచెన్, వాషర్ డ్రయర్ ఉంటాయి. లేదంటే పాలినీషియన్ రిసార్ట్‌లో పాత లాంగ్‌హౌస్ బిల్డింగుల స్టూడియోలు చూడండి, అవి ఐదుగురికి, పైగా బాత్రూమ్ రెండు భాగాలుగా ఉంటుంది, ఒకరు స్నానం చేస్తుంటే ఇంకొకరు రెండోవైపు వాడుకోవచ్చు. పెద్దవాళ్ళతో వెళ్ళేటప్పుడు ఆ రెండో తలుపు విలువ పొద్దున ఏడింటికి తెలుస్తుంది.

మోకాళ్ళ నొప్పులుంటే లిఫ్ట్ సంగతి తప్పకుండా చూసుకోండి. ఓల్డ్ కీ వెస్ట్ రిసార్ట్‌లో చాలా బిల్డింగులకి లిఫ్ట్ లేదు. అలాంటిచోట గ్రౌండ్ ఫ్లోర్, బస్ స్టాప్‌కి దగ్గర అని ఆన్‌లైన్ చెక్-ఇన్‌లోనే రిక్వెస్ట్ పెట్టండి, గ్యారంటీ ఇవ్వరు కానీ అడిగితేనే కదా ప్రయత్నించేది.

నా ఓటు మాత్రం యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్ రిసార్ట్‌కే, సవన్నా వ్యూ (జంతువులు తిరిగే మైదానం వైపు గది) దొరికితే. బాల్కనీలో కూర్చుంటేనే జిరాఫీలు, జీబ్రాలు కనిపిస్తాయి, నడవలేని తాతయ్యకి, పార్క్ అంటే ఏంటో తెలియని పాపకి ఇంతకన్నా మంచి కాలక్షేపం లేదు. అందులోనే కిడానీ విలేజ్ అనే భాగంలో సనా అనే రెస్టారెంట్ ఉంది, ఆఫ్రికన్ వంటలతోపాటు మన ఇండియన్ రుచులు కూడా దొరుకుతాయి, నాన్ లాంటి రొట్టెలు, చట్నీలు, పచ్చడి లాంటివి కలిపి బ్రెడ్ సర్వీస్ అని ఇస్తారు, బర్గర్లు ముట్టుకోని అమ్మకి ఒక పూట గడిచిపోతుంది.

2. సర్దుకోవడం

బట్టలు తగ్గించండి, ఈ రిసార్టుల్లో కామన్ లాండ్రీ రూమ్ ఉంటుంది. ఈ కిందివి మాత్రం మర్చిపోవద్దు:

- ప్లాస్టిక్ మగ్గు. బాత్రూమ్‌లో మగ్గూ బకెట్టూ ఉండవు, అమ్మానాన్నలకి మొదటి ఇబ్బంది అక్కడే, మనకి చెప్పరు కూడా పాపం.
- క్రిబ్ షీట్ మీది. ప్యాక్ అండ్ ప్లే (మడతపెట్టే క్రిబ్) వాళ్ళే ఇస్తారు, కప్‌బోర్డ్‌లోనే ఉంటుంది సాధారణంగా, కానీ ఇంటి వాసన ఉన్న షీట్ మీద పాప త్వరగా పడుకుంటుంది.
- హమ్ అని గాలి శబ్దం చేసే చిన్న మెషిన్, ఒక నైట్ ల్యాంప్.
- పెద్ద మైక్రోవేవ్ గిన్నె, నాలుగు స్టీల్ ప్లేట్లు, స్పూన్లు.
- పొడులు, పులిహోర పేస్టు, ఊరగాయ, వేడినీళ్ళు పోస్తే అయిపోయే ఉప్మా, పోహా ప్యాకెట్లు.

విమానంలో పాప కోసం ఫార్ములా, తల్లిపాలు ఎక్కువగా తీసుకెళ్ళొచ్చు, లిక్విడ్స్ లిమిట్ వాటికి వర్తించదు, సెక్యూరిటీ దగ్గర విడిగా తీసి చూపిస్తే చాలు. స్ట్రోలర్ 31 అంగుళాల వెడల్పు, 52 అంగుళాల పొడవు దాటితే పార్కులోకి రానివ్వరు, బండిలాంటి వ్యాగన్ స్ట్రోలర్లు అసలే వద్దు.

3. రూమ్‌లోకి వెళ్ళిన మొదటి గంట

చెక్-ఇన్ సాయంత్రం 4 గంటలకి. ముందే చేరితే సామాన్లు బెల్ సర్వీసెస్‌లో పెట్టేసి లాబీలో కూర్చోండి, పెద్దవాళ్ళ మందులూ పాప బ్యాగూ మాత్రం చేతిలో ఉంచుకోండి.

రూమ్ చేతికి రాగానే ఎవరూ సూట్‌కేసులు తెరవకుండా ముందు క్రిబ్ పెట్టండి. కిటికీకి దూరంగా, ఏసీ గాలి నేరుగా తగలకుండా, బాత్రూమ్‌కి వెళ్ళే దారిలో లేకుండా. తర్వాత పాకే పిల్లలైతే మీలో ఒకరు నేలమీద కూర్చుని పాప కళ్ళతో చూడాలి, ప్లగ్గులు, వైర్లు, టేబుల్ అంచులు, సోఫా కింద ముందు దిగినవాళ్ళు పడేసుకున్న నాణేలు ఇవన్నీ కింద కూర్చుంటేనే కనిపిస్తాయి. బాల్కనీ తలుపుకి పై గడియ ఎప్పుడూ వేసే ఉండాలి, బాల్కనీలో కుర్చీలు గ్రిల్ పక్కన ఉండకూడదు. స్ట్రోలర్ మడిచి పెట్టండి, మెయిన్ డోర్‌కి అడ్డం మాత్రం పెట్టొద్దు, రాత్రి అలారం మోగితే అదే దారి.

ఇక మంచం ఎవరికి? అమ్మానాన్నలు "మేం కింద పడుకుంటాంలే" అంటారు. ఒప్పుకోకండి. సోఫా బెడ్ నడుముకి మంచిది కాదు, ఆ వయసులో నేలమీంచి రాత్రి లేవడం ఇంకా కష్టం, అందుకే క్వీన్ బెడ్ వాళ్ళకి, సోఫా మనకి, క్రిబ్ సోఫా పక్కన. డెలివరీ అయి కొద్ది నెలలే అయితే, అందులోనూ సిజేరియన్ అయితే, ఈ లెక్క మారొచ్చు, అప్పుడు అమ్మాయికీ అమ్మకీ మంచం, మామాఅల్లుళ్ళిద్దరూ సోఫా మీద, ఇందులో మొహమాటం ఏమీ లేదు.

4. నిద్ర, అన్నిటికన్నా ముఖ్యమైంది ఇదే

పాప పడుకుంటేనే అందరూ పడుకుంటారు. రాత్రి ఎనిమిదింటికి పాపని పడుకోబెట్టే టైమ్ అయితే, ఏడున్నరకే పడుకోబెట్టేవాళ్ళు తప్ప మిగతా అందరూ కిందకి వెళ్ళిపోవాలి, లాబీ, పూల్ దగ్గర కుర్చీలు, రిసార్ట్ చుట్టూ వాకింగ్, ఏదైనా. రూమ్‌లో పాపా, పడుకోబెట్టే ఒక్క మనిషీ, చీకటి, గాలి శబ్దం. పాప గాఢనిద్రలోకి వెళ్ళాక ఫోన్‌లో మెసేజ్ పెడితే మిగతావాళ్ళు వస్తారు. వాళ్ళ రాత్రి మాత్రలు, నీళ్ళు, నైటీలు అన్నీ ముందే బాత్రూమ్‌లో పెట్టి ఉంచితే కప్‌బోర్డ్ తలుపులు తెరిచే పని ఉండదు. ఇండియాకి వీడియో కాల్స్ బాల్కనీలోనో లాబీలోనో, స్పీకర్ ఆపి.

క్రిబ్‌లో పాప వెల్లకిలా, గట్టి పరుపు మీద, దిండు లేకుండా, దుప్పటి లేకుండా, ఒక్కతే పడుకోవాలి. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెప్పేది ఇదే, ట్రిప్‌లో కూడా ఇది మారదు. అమ్మమ్మలకి ఇది కష్టంగా ఉంటుంది, మెత్తటి బొంత వేద్దాం అంటారు, మంచం మీద మా మధ్యలో పడుకోబెట్టుకుంటాం అంటారు, ప్రేమే అది. "డాక్టరు గారు గట్టిగా చెప్పారమ్మా" అని ప్రయాణానికి ముందే ఇంట్లో చెప్పేయండి, రాత్రి పదకొండింటికి రూమ్‌లో ఈ వాదన పెట్టుకోకండి. చీర ఉయ్యాల సంగతీ అంతే, రూమ్‌లో కట్టడానికి దూలం ఉండదు, బట్టల రాడ్‌కి, బాల్కనీ గ్రిల్‌కి అసలు కట్టకూడదు.

ఇంకోటి, డిస్నీ హోటళ్ళలో సెక్యూరిటీ కోసం స్టాఫ్ రోజూ ఒకసారి రూమ్ చూసిపోతారు, తలుపుకి బోర్డు తగిలించినా రావొచ్చు. పాప పగటి నిద్ర ఎప్పుడో ఫ్రంట్ డెస్క్‌కి ఫోన్ చేసి చెప్తే ఆ టైమ్‌లో తలుపు కొట్టకుండా చూడమని అడగొచ్చు.

5. పొద్దున బాత్రూమ్

ముందు తాతయ్య. ఎలాగూ ఐదింటికే లేస్తారు. తర్వాత అమ్మమ్మ, తర్వాత పార్క్‌కి వెళ్ళేవాళ్ళు, పాప స్నానం సాయంత్రానికి మార్చేయండి, పొద్దున ఒళ్ళు తుడిచి బట్టలు మారిస్తే చాలు.

నూనె మర్దనా సున్నిపిండీ ఈ కొద్ది రోజులూ మానేయమని నేను చెప్తా. మన ఇంట్లో పీట మీద కూర్చుని కాళ్ళమీద వేసుకుని పోసే స్నానం ఆ టబ్‌లో కుదరదు, నూనె పడితే టబ్ జారుతుంది, చేతుల్లో బిడ్డతో అమ్మ జారితే ఇద్దరికీ ప్రమాదం. సాంబ్రాణి అయితే రూమ్‌లో వెలిగించనే కూడదు, స్మోక్ డిటెక్టర్ మోగుతుంది, దాంతో ఫైన్ కూడా పడొచ్చు. అగరుబత్తీ, కర్పూరం కూడా అంతే.

6. తిండి

తాలింపు లేని వారం అనుకోండి. ఎలక్ట్రిక్ కుక్కర్, ఇండక్షన్ స్టవ్ లాంటివి చాలా రిసార్టుల్లో ఒప్పుకోరు, అడక్కుండా తీసుకెళ్ళొద్దు. అన్నం మాత్రం మైక్రోవేవ్‌లో చక్కగా వస్తుంది: ఒక కప్పు సోనా మసూరి కడిగి ఓ ఇరవై నిమిషాలు నానబెట్టి, రెండు కప్పుల నీళ్ళు పోసి, గిన్నె పెద్దది తీసుకుని (పొంగుతుంది కాబట్టి), మూత పెట్టకుండా హైలో పది నిమిషాలు, తర్వాత మూత వాల్చి సగం పవర్‌లో ఐదు, ఆపేసి ఇంకో ఐదు నిమిషాలు కదపకుండా ఉంచండి. మైక్రోవేవ్‌ని బట్టి ఒకటి రెండు నిమిషాలు అటూ ఇటూ. దాంట్లోకి కందిపొడి, పబ్లిక్స్ సూపర్‌మార్కెట్‌లోనో వాల్‌మార్ట్‌లోనో తెప్పించిన హోల్ మిల్క్ పెరుగు, ఆవకాయ. గ్రాసరీ డెలివరీ రిసార్ట్‌కే వస్తుంది, పాలు, అరటిపళ్ళు, డైపర్లు కూడా దాంట్లోనే పెట్టేయండి.

పాప పాలు ఫ్రిజ్‌లో ఒక మూల విడిగా. తీసిన తల్లిపాలు బయట 4 గంటలు, ఫ్రిజ్‌లో 4 రోజుల వరకు ఉంటాయి, కలిపిన ఫార్ములా ఫ్రిజ్‌లో 24 గంటలే, పాప నోరు పెట్టాక గంటలోపు అయిపోవాలి, మిగిలితే పారబోయాలి. మైక్రోవేవ్ పక్కనే ఉంది కదా అని సీసా అందులో పెట్టొద్దు, ఒకచోట చల్లగా ఒకచోట మరుగుతూ ఉంటాయి, గ్లాసులో వేడినీళ్ళు పోసి అందులో నిలబెట్టండి. ఏడాది లోపు పిల్లలకి తేనె నాకించడం అసలు వద్దు, బోట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావొచ్చు. ఇదీ అమ్మమ్మకి ముందే చెప్పాల్సిందే.

పార్కుల్లోకి మన తిండి తీసుకెళ్ళొచ్చు, గాజు సీసాలు మాత్రం కుదరవు (బేబీ ఫుడ్ సీసాలకి మినహాయింపు ఉంది). క్విక్ సర్వీస్ ఫుడ్ కౌంటర్లలో అడిగితే ఐస్ వాటర్ ఉచితంగా ఇస్తారు. పెరుగన్నం డబ్బా ఒకటి పెట్టుకోండి.

7. మందులు

దీనిమీద కొంచెం ఎక్కువ చెప్తా ఎందుకంటే ఒక్క గదిలో ఉన్నప్పుడు నాకు అన్నిటికన్నా భయం వేసేది ఇదే. అమ్మానాన్నల బీపీ, షుగర్ మాత్రలు వారం డబ్బాల్లో ఉంటాయి, ఆ మూతలు పిల్లలు ఇట్టే తీసేస్తారు, కొన్నిసార్లు మాత్ర చేతిలోంచి జారి కార్పెట్ మీద పడుతుంది, కళ్ళజోడు లేకపోతే కనపడదు. కొన్ని రకాల షుగర్, బీపీ మాత్రలు ఒక్కటి మింగినా పాకే పిల్లకి ప్రాణం మీదకి తేవొచ్చు. కాబట్టి మందులన్నీ ఒక జిప్ బ్యాగులో వేసి రూమ్ సేఫ్‌లోనో కప్‌బోర్డ్ పై అరలోనో పెట్టండి, హ్యాండ్‌బ్యాగుల్లో వద్దు, మంచం పక్క టేబుల్ మీద వద్దు. మాత్రలు సింక్ దగ్గర నిలబడి వేసుకోవాలి, అక్కడ గట్టి నేల, పడితే చప్పుడు వినిపిస్తుంది. అనుమానం వస్తే పాయిజన్ కంట్రోల్ నంబర్ 1-800-222-1222, ఎప్పుడైనా పలుకుతారు, ఫోన్లలో ముందే సేవ్ చేసుకోండి, పాప కళ్ళు తేలేసినా ఊపిరి ఆడకపోయినా నేరుగా 911.

8. పగలు ఎలా పంచుకోవాలి

మూడేళ్ళలోపు పిల్లలకి టికెట్ అక్కర్లేదు. పెద్దవాళ్ళకి ప్రతిరోజూ పార్క్ టికెట్ కొనకండి, వాళ్ళకి డబ్బూ దండగ, కాళ్ళూ పోతాయి. ఒకరోజు పార్క్, ఒకరోజు రిసార్ట్ అనుకోండి. మోనోరైల్, బోట్లు, స్కైలైనర్ అనే రోప్‌వే వీటికి టికెట్ లేదు, స్కైలైనర్‌లోకి స్ట్రోలర్ మడవకుండానే వెళ్ళొచ్చు, సాయంత్రం అమ్మానాన్నల్ని ఊరికే ఒక చుట్టు తిప్పినా సంతోషిస్తారు. బస్సుల్లో మాత్రం సాధారణంగా మడవమంటారు.

పార్క్ రోజున తెరిచే టైముకే వెళ్ళి పన్నెండింటికి బయటపడండి. ఫ్లోరిడా ఎండాకాలం మధ్యాహ్నాలు ఉక్కపోత, ఉరుముల వాన, పసిపిల్లకీ పెద్దవాళ్ళకీ ఇద్దరికీ మంచిది కాదు. నాలుగు పార్కుల్లోనూ బేబీ కేర్ సెంటర్ ఉంటుంది, పాలివ్వడానికి చాటు గది, హై చైర్లు, డైపర్ మార్చే చోటు ఉంటాయి. పెద్ద రైడ్‌లకి రైడర్ స్విచ్ అడగండి, ఒకరు పాపతో ఆగితే మిగతావాళ్ళు ఎక్కి వస్తారు, తర్వాత ఆగినవాళ్ళు మళ్ళీ మొత్తం లైన్‌లో నిలబడకుండా ఎక్కొచ్చు. అమ్మమ్మ ఉంది కదా అని పాపని రోజంతా ఆవిడకే వదిలేయొద్దు, ఆవిడా చూడ్డానికే వచ్చింది.

మధ్యాహ్నం రూమ్‌లో పాపతోపాటు పెద్దవాళ్ళూ ఓ కునుకు తీస్తారు, ఆ టైమ్ మీ ఇద్దరిది, పూల్‌కి వెళ్ళండి. సాయంత్రం పాపని తీసుకుని మీరు బాల్కనీలో ఉంటే, రూమ్ వాళ్ళది, తలుపు వేసుకుని కాసేపు ప్రశాంతంగా మాట్లాడుకుంటారు. పెద్దవాళ్ళకీ ఆ చాటు కావాలి, అడగరు కాబట్టి మనమే ఇవ్వాలి.

9. ఖాళీ చేసే రోజు

చెక్-అవుట్ 11 గంటలకి, పాప పొద్దుటి నిద్ర సరిగ్గా అప్పుడే వస్తుంది. ముందురోజు రాత్రే పెట్టెలు సర్దేసి, సామాను పదింటికల్లా బెల్ సర్వీసెస్‌కి ఇచ్చేసి, పాపని స్ట్రోలర్‌లో వేసి ఒకరు బయట నీడలో తిప్పుతుంటే మిగతావాళ్ళు రూమ్ చూసుకోవచ్చు: ఫ్రిజ్‌లో పాల సీసాలు, సేఫ్‌లో మందులూ పాస్‌పోర్టులూ, క్రిబ్‌లో మీ షీటు, బాత్రూమ్‌లో మగ్గు.