మత్తడి దూకే నాటికి ప్యాకెట్ పెరుగుతుంది: చెరువు బోర్డుల్లో వానకు ముందు చూసుకోవాల్సినవి

చెరువు నీటిమట్టాన్ని, వానను కొలిచి రేడియోలో సర్వర్‌కు పంపే బోర్డు మే నెలలో చక్కగా పనిచేసి జులైలో మూగబోతే అందరూ ముందు యాంటెన్నాను అనుమానిస్తారు. కానీ తప్పు సీబోర్ ప్యాకెట్ సైజులో ఉండొచ్చు. సీబోర్ (CBOR) అంటే రీడింగులను తక్కువ బైట్లలో కుదించి రాసే పద్ధతి. 0 నుంచి 23 దాకా పూర్ణాంకాన్ని సీబోర్ ఒకే బైట్‌లో రాస్తుంది. 24 నుంచి 255 దాకా రెండు, అక్కడి నుంచి 65,535 దాకా మూడు బైట్లు. అంటే చెరువు నిండేకొద్దీ ప్యాకెట్ కూడా లావెక్కుతుంది.

ఐదు నిమిషాలకోసారి నీటిమట్టం కొలిచి, గంటకు 12 రీడింగులు కలిపి పంపే బోర్డు లెక్క చూడండి. ప్యాకెట్ మొదట్లో ఎన్ని విలువలున్నాయో చెప్పే గుర్తు, అంటే మ్యాప్ హెడర్, 1 బైట్. కీలతో (ప్రతి విలువకు పెట్టే పేర్లతో) కలిపి బోర్డు నంబరుకు 4, టైమ్‌కు 6, బ్యాటరీ మిల్లీవోల్టులకు 4. మట్టం 23 సెంటీమీటర్లలోపు, వాన సున్నా అయితే రీడింగుల అర్రేకు (వరుసకు) 14, వానకు 2. మొత్తం 31 బైట్లు. మట్టం 256 సెంటీమీటర్లకు చేరి, వాన లెక్క కూడా అలాగే పెరిగితే అర్రే 38, వాన 4 అవుతాయి. మొత్తం 57.

ఈ ప్యాకెట్లను తక్కువ కరెంటుతో దూరం పంపే రేడియో పద్ధతి లోరావాన్. మన దేశంలో అది నడిచే 865–867 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో అన్నిటికంటే నెమ్మది రేటుకు గరిష్ఠ పరిమితి 51 బైట్లు. 57 బైట్ల ప్యాకెట్ అందులో పట్టదు. బోర్డు సిగ్నల్‌ను అందుకుని సర్వర్‌కు చేర్చే గేట్‌వే నుంచి జవాబు రాకపోతే, ఆటోమేటిక్ రేటు పెట్టుకున్న బోర్డు మెల్లగా ఆ రేటుకే దిగుతుంది. టేబుల్ మీద వేగం రేటులో టెస్ట్ చేసినవాళ్లకు ఈ గోడ కనిపించదు.

మొదటి రీడింగును పూర్తిగా రాసి, మిగతా 11కు ముందుదానితో తేడా మాత్రమే పంపండి. తేడా −24 నుంచి 23 లోపైతే ఒక్క బైటే. −256 నుంచి 255 దాకా రెండు. తేడాలన్నీ రెండేసి బైట్లు తీసుకున్నా ప్యాకెట్ 46 దగ్గర ఆగుతుంది. ఐదు నిమిషాల్లో అంతకు మించి దూకితే అది నీళ్లు కాదు, సెన్సర్ తప్పు. అక్కడ నల్ (విలువ లేదు అనే గుర్తు) రాయండి, తర్వాతి తేడాను చివరి మంచి రీడింగు నుంచి తీయండి. సర్వర్ ఆ నల్‌ను సున్నాగా చదవకుండా చూడాలి. నీటి వేడి కొలిచే డీఎస్18బీ20 ఉంటే, వైరు తెగినప్పుడు ఆర్డునో లైబ్రరీ ఇచ్చే −127, పవర్ వచ్చిన వెంటనే కనిపించే 85 కూడా నల్‌గానే పోవాలి.

సీబోర్ రాసిపెట్టే టైనీసీబోర్ లైబ్రరీలో బఫర్ (ప్యాకెట్‌కు కేటాయించిన మెమరీ) చాలకపోతే బోర్డు కూలిపోదు. అవుట్ ఆఫ్ మెమరీ ఎర్రర్ ఇచ్చి, ఇంకా ఎన్ని బైట్లు కావాలో లెక్కపెడుతూ పోతుంది. ఆ ఎర్రర్‌ను పట్టించుకోని కోడ్ మాత్రం బఫర్ సైజ్ ఫంక్షన్ ఇచ్చిన చెత్త అంకెను పట్టుకుని ఏదో ఒకటి పంపేస్తుంది. ఎర్రర్ వస్తే ఆ అంకెను అసలు వాడొద్దు. రీడింగులను ఆరేసి చొప్పున రెండు ప్యాకెట్లుగా పంపండి.

సీబోర్ పట్టుకోలేని తప్పు ఒకటుంది. వానమాపకం గిన్నె ఒక్కసారి ఒరిగితే 0.2 మిల్లీమీటర్లు అనుకుందాం. లెక్కను 255 దాకానే పట్టే 8 బిట్ల వేరియబుల్‌లో పెడితే 51 మిల్లీమీటర్లు దాటగానే మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. అది 3,249 ఒరుగుళ్లు. 8 బిట్ల లెక్కలో మిగిలేది 177, అంటే 35.4 మిల్లీమీటర్లు! ఎన్‌కోడింగ్‌లో తప్పుండదు, సర్వర్‌కు అనుమానమూ రాదు. 16 బిట్లు పెట్టండి.

దశాంశాల జోలికి పోకపోవడమే మేలు. ఆర్డునో ఊనో ఆర్3లో దశాంశ అంకెను దాచే డబుల్ 4 బైట్లే, సీబోర్ డబుల్‌కు 8 కావాలి. మిగతా సగం పక్కనున్న మెమరీలోంచి వస్తుంది. 31.4ను 314గా పంపితే మూడు బైట్లతో పోతుంది. కీలు కూడా 0–23 అంకెలే ఉండాలి. ‘టెంపరేచర్’ అని ఇంగ్లిష్‌లో కీ రాస్తే అదొక్కటే 12 బైట్లు తింటుంది.

ముసురు పట్టి సోలార్ అందక బ్యాటరీ చచ్చి లేచిన బోర్డు, గడియారం మొదటికొచ్చి, 1970 నాటి టైమ్ పంపొచ్చు. సర్వర్ ఆ ప్యాకెట్‌ను పారేయకుండా, అందిన టైమ్ వేసి పక్కన గుర్తు పెట్టుకోవాలి.

మృగశిర కార్తె లోపు ప్రతి బోర్డులో రేటును కనిష్ఠానికి బిగించి, సెన్సర్లకు బదులు కోడ్‌లోంచే అంకెలివ్వండి: మట్టం 600తో మొదలై ఒకసారి 40 పెరగడం, ఒకసారి 40 తగ్గడం, వాన 3,249, మధ్యలో ఒక నల్. సర్వర్‌లో 12 రీడింగులూ అదే వరుసలో రావాలి. టెస్ట్ అయ్యాక రేటును మళ్లీ ఆటోమేటిక్‌లో పెట్టడం మరవొద్దు, లేకపోతే బ్యాటరీ త్వరగా దిగిపోతుంది.