ఆరుబయట మాటలు – మూడో పాఠం: బిడ్డ చూపు వెంట

పోయిన పాఠంలో బిడ్డను బయటికి తీసుకుపోయి, తను ఎటు చూస్తోందో గమనించడం వరకే చేశాం. ఇప్పుడు ఆ చూపుకు మాట జోడిద్దాం.

అనంతపురం చుట్టుపక్కల ఆరుద్ర కార్తెలో వాన పడిందంటే ఎర్రనేలల్లో ఆరుద్ర పురుగులు బయటికొస్తాయి. ముఖమల్ గుడ్డలాంటి ఎర్రటి ఒళ్లు. వేలు తగిలితే కాళ్లు ముడుచుకుని పడుంటాయి, కాసేపటికి మళ్లీ నడక మొదలు. రెండేళ్ల బిడ్డ దాని ముందు గొంతుకూర్చుని "పుగు" అంటుంది. వెంటనే మనం "పుగు కాదమ్మా, పురుగు, ఏదీ అను" అంటాం. లేదంటే "అదిగో కొండ చూడు" అని తల తిప్పుతాం. రెండూ వద్దు. "అవును, ఎర్ర పురుగు!" అనండి. బిడ్డ మాటకు ఒకటో రెండో మాటలు కలిపి ఆగిపోండి. మనసులో ఐదు లెక్కపెట్టేదాకా నోరు మెదపొద్దు. పురుగు ముడుచుకోగానే "ముడుచుకుంది." మళ్లీ ఆగండి. కదిలిందా, "పోతాంది, పోతాంది!" మీ ఇంట్లో పోతాంది అంటే పోతాంది అనే అనండి. బడి తెలుగు కోసం తడుముకోవద్దు.

చూపు మళ్లించి చెప్పిన పేరు కంటే, అప్పటికే చూస్తున్న వస్తువు పేరు చెబితేనే పసిపిల్లలు బాగా నేర్చుకున్నారని టొమసెల్లో, ఫరార్ అనే పరిశోధకులు 1986లో ప్రచురించిన అధ్యయనంలో తేలింది. బయట ఆ అవకాశం అడుగడుగునా దొరుకుతుంది. పుస్తకంలో పురుగు ముడుచుకోదు కదా. ఎండిన దిరిసెన కాయను ఊపితే గలగలమంటుంది, వేపపండు నొక్కితే గింజ జారిపోతుంది. ఊపు, నొక్కు, జారింది: ఈ మాటలు చేత్తో చేసినప్పుడే బిడ్డకు పట్టుబడతాయి.

"ఇదేమి? ఏం రంగు?" అని వరసపెట్టి అడగొద్దు. రాళ్లు ఎత్తి చూపించడం అసలే వద్దు, మన సీమలో రాళ్ల కింద తేళ్లుంటాయి.

రెండేళ్లు నిండినా రెండు మాటలు కలపకుంటే "వాళ్ల నాయనా లేటుగానే మాట్లాడినాడు" అని ఊరుకోకండి. పిల్లల డాక్టరుకు చూపించి వినికిడి పరీక్ష చేయించండి.

ఈ వారమంతా ఎండ తగ్గాక ఒకే చోటికి వెళ్లండి, వేపచెట్టు కిందికైనా, ఏటి ఇసుకకైనా. బిడ్డ అన్న మాట, మీరు కలిపిన మాట పక్కపక్కనే రాసిపెట్టుకోండి. చూసిందంతా ఇంటికొచ్చి జేజికి చెప్పేలా చేయడం నాలుగో పాఠం. దానికి ఈ రాతే కావాలి.