డిసెంబర్ 31 రాత్రికే కాదు, జనవరి 1 పొద్దుటికీ జాగ్రత్త

బెంగళూరులో ప్రాసిక్యూటర్‌గా తాగి బండి నడిపిన కేసులు వాదించి, ఇప్పుడు క్రిమినల్ లా పాఠాలు చెప్పుకుంటున్నాను. డిసెంబర్ వస్తే మన తెలుగు పిల్లలు అడిగేది ఒకటే: "సార్, ఎంతవరకూ తాగితే దొరకం?"

ఆ లెక్క వేయకండి. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ పడుతుంది. ఒంటి బరువు, తిన్న తిండి, పోసినవాడి చెయ్యి, వీటన్నిటితో ఆ గీత ఎప్పుడు దాటారో మీకే తెలీదు. తూలకుండా నిలబడి ఎంత చక్కగా వాదించినా పోలీసులు ఊదించే మిషన్ చూపించేది అంకె మాత్రమే.

బ్రిగేడ్ రోడ్డుకో, కోరమంగలకో వెళ్లేవాళ్లు బండి ఇంట్లోనే పెట్టేయండి. "వచ్చేటప్పుడు క్యాబ్‌లో వద్దాంలే" అని తీసుకెళ్లిన బండిని, అర్ధరాత్రి క్యాబ్ రేటు చూశాక ఎవడో ఒకడు స్టార్ట్ చేస్తాడు. ఆ రాత్రి ఫ్లైఓవర్లు మూసేస్తుంటారు, మెట్రో మామూలుకన్నా ఆలస్యంగా దాకా నడుపుతుంటారు. వేళలు ముందే చూసుకోండి. తాగినవాడని తెలిసీ తాళాలిచ్చి "పోనీరా" అన్నవాడు కూడా అదే చట్టం 188వ సెక్షన్ కింద ఇరుక్కోవచ్చు.

నాకు ఎక్కువ భయం మర్నాడు పొద్దున్నే తిరుపతి బయల్దేరేవాళ్ల గురించి. రాత్రంతా పార్టీ, రెండు గంటల నిద్ర, తలస్నానం, బొట్టు, కారు కోలార్ దారిలో. రక్తంలోని మందు గంటకు సుమారు 10 నుంచి 15 మిల్లీగ్రాములే దిగుతుంది. ఒంటిగంటకు 120 ఉంటే, 30కి రావడానికి ఆరు నుంచి తొమ్మిది గంటలు కావాలి. ఫిల్టర్ కాఫీ నిద్ర ఆపుతుందేమో గానీ ఆ అంకెను దించదు. దర్శనం టికెట్ ఉంటే, తాగనివాడు నడపాలి. లేదా బస్సెక్కండి.

పోలీసులు ఆపితే ఊదండి. ఊదనంటే, అనుమానానికి కారణం ఉన్నప్పుడు వారంట్ లేకుండానే అరెస్టు చేయొచ్చు. ఆ నిరాకరణే కోర్టులో మీకు ఎదురు తిరుగుతుంది. కొత్త గొట్టం అడగండి. అంకె, టైము ఉన్న స్లిప్ చదివాకే సంతకం పెట్టండి. మౌత్‌వాష్ అప్పుడే పుక్కిలించి ఉంటే ఆ మాట చెప్పి, పావుగంట ఆగి మళ్లీ ఊదించమనండి. వీడియో తీస్తానని గొడవపడకండి, కేసు ఇంకోటి తోడవుతుంది.

మొదటిసారి దొరికితే ఆరు నెలల దాకా జైలు, లేదా 10,000 జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే రెండేళ్లు, 15,000. మనిషి పోతే అది వేరే లోకం. 1999 నాటి ఢిల్లీ బీఎండబ్ల్యూ కేసులో, తాగి నడిపిన కారు గుద్ది ఆరుగురు చనిపోయారు. 2012లో సుప్రీంకోర్టు దాన్ని నిర్లక్ష్యమని సరిపెట్టలేదు, హత్య కాని నరహత్య అంది.

దొరికాక "ఐదు వేలిస్తే మాఫీ చేయిస్తా" అని కోర్టు బయట పట్టుకునేవాణ్ణి నమ్మకండి. వాయిదా రోజున మీరే వెళ్లండి. వెళ్లకపోతే వారంట్ వస్తుంది.