ఇంట్లో రీఫ్ ట్యాంక్, పాఠం 6: కోరల్ రంగు తేడా కొడితే ఎక్కణ్ణుంచి మొదలెట్టాలి

పోయిన పాఠంలో ఆల్కలినిటీ, కాల్షియం, మెగ్నీషియం మూడూ ఎలా కొలవాలో చూశాం కదా, రెండు వారాల రీడింగులు తేదీలతో సహా రాసి పెట్టుకోమని కూడా చెప్పా, ఆ కాగితం తెచ్చి పక్కన పెట్టుకోండి, ఇవాళ దాంతో చాలా పనుంది. అందరూ మొదట్నుంచీ అడుగుతున్న పాఠం ఇదే: షాపులో ఊదా రంగులో ధగధగలాడిన కోరల్ మనింటి రీఫ్ ట్యాంక్‌లోకి, అంటే కోరల్స్ పెంచే ఉప్పునీళ్ల అక్వేరియంలోకి, వచ్చి నెల తిరక్కుండా బురద రంగులోకి ఎందుకు మారుతుంది, లేదా పాలిపోయి తెల్లగా ఎందుకవుతుంది, అప్పుడేం చెయ్యాలి.

నేనుండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో కాబట్టి నీళ్ల సంగతులూ వాతావరణం సంగతులూ ఇక్కడివే చెప్తా. ఇండియాలో ఉండి చదివేవాళ్లకి ఒక్క మాట, అక్కడ రీఫ్ కట్టే రాతి కోరల్స్ అన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి, అంటే పులికిచ్చిన రక్షణే వాటికీ ఉంది, ఎవరైనా "లోకల్ పీస్ బ్రదర్, చవగ్గా ఇస్తా" అంటే ఆ జోలికి పోకండి.

సరే, విషయంలోకి. కోరల్‌లో మనకి కనిపించే రంగు రెండు చోట్ల నుంచి వస్తుంది. ఒకటి కోరల్ సొంతంగా తయారు చేసుకునే రంగు ప్రోటీన్లు, పచ్చ, గులాబీ, ఊదా, నీలం అన్నీ అవే. రెండోది దాని ఒంట్లో కాపురముండే ఆల్గే, జూజాంతెల్లీ అంటారు, అది గోధుమ రంగు. ఈ ఆల్గే వెలుతురుతో తిండి తయారు చేసి కోరల్‌కి పెడుతుంది, కోరల్‌కి సింహభాగం తిండి అదే. నీళ్లలో నైట్రేట్ ఫాస్ఫేట్ బాగా ఎక్కువై వెలుతురు తక్కువైతే ఆల్గే లెక్కకి మించి పెరిగి గోధుమ రంగు మిగతా రంగులన్నిటినీ కప్పేస్తుంది. అదే ఆల్గే తగ్గిపోతే చర్మం పల్చబడి లోపలి తెల్ల అస్థిపంజరం బయటికి కనిపిస్తుంది. కాబట్టి రంగు తేడా కొట్టిందనగానే మొదట తేల్చుకోవాల్సింది ఒక్కటే, ముదిరిందా, పాలిపోయిందా, లేక చర్మమే ఊడిపోతోందా. మూడింటికీ మందు వేరు, పైగా మొదటి రెండిటికీ మందు పూర్తిగా ఎదురెదురు, ఇది తేల్చకుండా ఏదో సీసా కొనుక్కొచ్చి పోస్తే ఉన్నది కూడా పోతుంది.

చూసే పద్ధతి చెప్తా, ఇది ఈ పాఠంలో సగం అనుకోండి. బ్లూ లైట్లో చూసి దేన్నీ నమ్మొద్దు, బ్లూలో సగం చచ్చిన కోరల్ కూడా మెరుస్తూనే ఉంటుంది. లైట్‌ని తెలుపులోకి మార్చండి, పంపులు ఆపండి, నీళ్లు కదలకుండా అయ్యాక పైనుంచి చూడండి, తర్వాత ఫోన్ టార్చ్ పక్కనుంచి వేసి గాజులోంచి చూడండి. తెల్లగా ఉన్న చోట పల్చటి పారదర్శకమైన చర్మం ఉండి, చిన్న చిన్న పాలిప్స్, అంటే కోరల్‌లోని పువ్వుల్లాంటి బుల్లి జీవులు, బయటికొచ్చి కనిపిస్తే అది పాలిపోయిన కోరల్, బతికే ఉంది. అదే తెలుపు పొడిగా, సుద్దలాగా, గుంటల అంచులు పదునుగా కనిపించి పాలిప్స్ అసలు లేకపోతే అక్కడ చర్మం పోయినట్టే, కొన్నాళ్లకి దానిమీద పచ్చటి నూగు కూడా మొదలవుతుంది. కొమ్మల అక్రోపోరా ఉన్నవాళ్లు చివర్లు జాగ్రత్తగా చూడండి, చివర తెల్లగా నున్నగా ఉండి కొత్త గుంటలు ఏర్పడుతుంటే అది ఎదుగుదల, కంగారొద్దు, చివర మొద్దుబారి ఎముక బయటపడి దానిమీద ఆల్గే పడితే కాలిన చివర, దాని సంగతి కిందకి వస్తుంది.

ముందు ముదిరిన దాని గురించి త్వరగా చెప్పేస్తా, ఎందుకంటే ఇది పెద్ద ప్రమాదం కాదు, గోధుమ రంగు కోరల్ చూడ్డానికి బావుండదు గానీ చాలాసార్లు ఆరోగ్యంగానే ఉంటుంది. కొత్తగా తెచ్చిందైతే ప్రయాణం బడలికకి కొన్ని వారాలు ముదరడం మామూలే, వదిలెయ్యండి. పాతదే ముదిరితే ఫాస్ఫేట్ చూడండి, 0.15, 0.2 పీపీఎం (పది లక్షల్లో ఒక భాగం) దాటి ఉందంటే మేత ఎక్కువవుతోంది, లేదా నీళ్లలో మురికిని నురగగా లాగే స్కిమ్మర్ సరిగ్గా పని చెయ్యట్లేదు. మన వాళ్లిళ్లల్లో దీనికి పెద్ద సీజన్ ఇండియా ట్రిప్పు, మనం నాలుగు వారాలు ఊరెళ్తాం, తాళాలు తీసుకున్న ఫ్రెండు పాపం చేపలు ఆకలిగా చూస్తున్నాయని రోజుకి మూడు సార్లు వేసేస్తాడు, వచ్చేసరికి ట్యాంక్ అంతా గోధుమ వనం. వారానికి ఏడు గదులుండే మందుల డబ్బాలు దొరుకుతాయి కదా, రోజుకొక గదిలో మేత కొలిచి పెట్టి మిగతా డబ్బా దాచేసి వెళ్లండి.

వెలుతురు తక్కువైనా ముదురుతుంది. ఆల్గే వాడుకోగల వెలుతురు కొలతని పార్ అంటారు, కొమ్మల కోరల్స్‌కి పార్ 250 నుంచి 350, యుఫీలియా లాంటి మెత్తటి పెద్ద పాలిప్స్ వాటికి 75 నుంచి 150 చాలు. కంటితో ఇది తెలీదు, బ్లూ ఎక్కువున్న లైట్ కంటికి మసగ్గానే ఉంటుంది గానీ కొలిస్తే చాలా ఉంటుంది. పార్ మీటర్ కొనక్కర్లేదు, కొన్ని షాపులు అద్దెకిస్తాయి, రీఫ్ క్లబ్బుల్లోనూ అడిగి చూడండి. పెంచాలంటే వారానికి 5 శాతం చొప్పున మెల్లగా పెంచండి, ఒక్కసారి పెంచితే ముదిరింది కాస్తా పాలిపోతుంది, అప్పుడు రెండో రోగం.

ఇక పాలిపోవడం. ఇక్కడ కాస్త నిదానంగా చదవండి, ఈ మధ్య నేను చూసే ట్యాంకుల్లో ఎక్కువ భాగం ఇదే. పాత రోజుల్లో నైట్రేట్ ఫాస్ఫేట్ సున్నా ఉంటే గొప్ప అనేవాళ్లు, ఆ మాట పట్టుకుని ఫాస్ఫేట్ లాగే ఐరన్ మీడియా, పోషకాలు లాగడానికి ఆల్గే పెంచే రెఫ్యూజియం, పెద్ద స్కిమ్మర్ అన్నీ ఒకేసారి పెట్టేసి, నీళ్లు అద్దంలా ఉన్నాయని మురిసిపోతుంటే లోపల కోరల్ ఆకలితో పాలిపోతూ ఉంటుంది. ఇంగ్లండ్‌లో సౌతాంప్టన్ యూనివర్సిటీ కోరల్ రీఫ్ ల్యాబ్ వాళ్లు దీనిమీద చాలా పని చేశారు, యోర్గ్ వీడెన్‌మాన్ బృందం, వాళ్లు తేల్చిందేంటంటే నైట్రేట్ ఉండి ఫాస్ఫేట్ లేకపోవడం అన్నిటికంటే చేటు, ఆల్గే పెరగాలని చూస్తుంది కానీ ఫాస్ఫరస్ అందక దాని పొరలు దెబ్బతిని వేడికీ వెలుతురికీ తట్టుకోలేక కోరల్ బ్లీచ్ అయిపోతుంది. పొలంలో యూరియా దంచికొట్టి డీఏపీ ఎగ్గొట్టినట్టే. కాబట్టి రెండూ ఉండాలి, నేను పెట్టుకునే హద్దులు నైట్రేట్ 5 నుంచి 10 పీపీఎం, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1.

కొలతలో జరిగే తిరకాసు ఒకటుంది. హన్నా వాళ్ల అల్ట్రా లో రేంజ్ ఫాస్ఫరస్ చెకర్, మోడల్ 736, చాలామంది దగ్గర అదే ఉంటుంది, అది చూపించేది ఫాస్ఫేట్ కాదు, ఫాస్ఫరస్, అదీ పీపీబీల్లో, అంటే పీపీఎంలో వెయ్యో వంతు. వచ్చిన అంకెని 3.066తో గుణించి 1000తో భాగిస్తే ఫాస్ఫేట్ పీపీఎంలో వస్తుంది. స్క్రీన్ మీద 12 వస్తే 12 ఇంటూ 3.066, సుమారు 36.8, అంటే 0.037 పీపీఎం, బావుంది. 60 వస్తే 0.184, ఎక్కువ. 2 వస్తే 0.006, కానీ ఆ మీటర్‌కి అటూ ఇటూ 5 పీపీబీ తేడా ఉంటుందని కంపెనీయే చెప్తోంది, కాబట్టి 2 అంటే సున్నా కూడా కావచ్చు, అలాంటి రీడింగ్‌ని సున్నా కిందే లెక్కేసుకోండి. గాజు సీసా మీద వేలిముద్రలు తుడవండి, పౌడర్ మొత్తం ప్యాకెట్ మూలల్లోంచి రాలేదాకా తట్టండి, బుడగలు పోయాక చదవండి, లేకపోతే వచ్చే అంకెకి అర్థం లేదు. నైట్రేట్‌కి సాలిఫర్ట్ కిట్ వాడేవాళ్లు రంగు మరీ లేతగా ఉంటే పక్కనుంచి చూసి వచ్చిన అంకెని 10తో భాగించాలి, ఇది మర్చిపోయి నైట్రేట్ 20 ఉందని బెదిరిపోయేవాళ్లు ఉన్నారు, నిజంగా ఉన్నది 2.

ఫాస్ఫేట్ సున్నా అని తేలితే మొదట లాగేసే మీడియా తీసెయ్యండి, తర్వాత చేపల మేత కాస్త పెంచండి, అప్పటికీ లేవకపోతే బ్రైట్‌వెల్ నియోఫాస్ లాంటివి సీసా మీద రాసిన లెక్క ప్రకారం కొంచెం కొంచెంగా పొయ్యండి. మొదట్లో పోసింది పోసినట్టు మాయమవుతుంది, రాళ్లు పీల్చుకుంటాయి, మీటర్ పాడైందనుకోకండి. రెండూ సున్నా దగ్గర చాలాకాలం ఉన్న ట్యాంకుల్లో ఇసుక మీద గోధుమరంగు జిగురు తీగలు, వాటి చివర బుడగలు కనిపించాయంటే డైనోలు (డైనోఫ్లాజెల్లేట్లనే సూక్ష్మజీవులు) దిగాయని అనుమానించాలి, అది విడిగా ఒక పాఠమే అవుతుంది.

ఇంకో సంగతి, పాలిపోవడం ప్రతిసారీ తెల్లగానే ఉండదు. 2020లో ఆ సౌతాంప్టన్ వాళ్లే చూపించారు, కొంచెం వేడి ఎక్కువైనా, నీళ్లలో పోషకాలు తేడా వచ్చినా ఆల్గే తగ్గి, లోపలికి బ్లూ వెలుతురు ఎక్కువ చేరి, కోరల్ తన రంగు ప్రోటీన్లని విపరీతంగా తయారు చేసుకుని నియాన్ రంగుల్లో వెలుగుతుందని. అంటే మీ కోరల్ హఠాత్తుగా లేత గులాబీ, లేత నీలంలో ఫొటోకి తగ్గట్టు తయారైతే అందరికీ పంపించే ముందు ఫాస్ఫేట్, టెంపరేచర్ చూసుకోండి.

మూడోది, చర్మం ఊడటం. ఇది రంగు సమస్యే కాదు, కాబట్టి లైట్ జోలికి వెళ్లొద్దు, వరసగా ఇవి చూడండి. టెంపరేచర్ ఇంకో థర్మామీటర్‌తో సరిపోల్చండి, 77 నుంచి 79 ఫారన్‌హీట్ మధ్య ఉండాలి, హీటర్ కంట్రోలర్ చెప్పింది ఒక్కటే నమ్మొద్దు. సాలినిటీ, అంటే ఉప్పు, 35 పీపీటీ (వెయ్యిలో 35 భాగాలు) ఉండాలి, దాన్ని కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ని మామూలు నీళ్లతో కాకుండా 35 పీపీటీ ద్రావణంతో సరిచేసి చూడండి. ఆల్క్ (ఆల్కలినిటీ) కాగితం తియ్యండి, ఒకట్రెండు రోజుల్లో 1 డీకేహెచ్‌కి (ఆల్క్ కొలిచే యూనిట్) మించి ఎగిరిందా పడిందా? అడుగు నుంచి మెల్లగా ఊడితే టైమ్ ఉంది, గంటల్లో పొరలు పొరలుగా జారిపోతుంటే ఆలోచించకండి, బాగున్న చివర్లు కత్తిరించి వేరే చోట అతికించండి, తల్లి ముక్క మీద ఆశ వదులుకోండి.

నీళ్ల సంగతి మా వైపు వాళ్లకి ముఖ్యం. ఫ్రిస్కో, ప్లేనో, మెకిన్నీ, ఆలెన్ ఇవన్నీ నార్త్ టెక్సస్ మునిసిపల్ వాటర్ డిస్ట్రిక్ట్ నీళ్లు, వాళ్లు ఏడాదంతా క్లోరమైన్ కలుపుతారు, మార్చి చుట్టుపక్కల కొన్ని వారాలు మాత్రం పైపులు శుభ్రం కావడానికి ఉత్త క్లోరిన్‌కి మారతారు. ట్యాంక్ కోసం నీళ్లు శుద్ధి చేసే ఆర్‌ఓ డీఐ ఫిల్టర్‌లో క్లోరమైన్ కార్బన్ దగ్గర విరిగి అమ్మోనియా వదుల్తుంది, దాన్ని పట్టేది చివర్లో ఉండే డీఐ రెజిన్, అందుకే మన దగ్గర రెజిన్ త్వరగా అయిపోతుంది, టీడీఎస్ (నీళ్లలో కరిగి మిగిలిన లవణాల కొలత) 0 దాటి 1 అవ్వగానే మార్చెయ్యండి, 5 దాకా లాగొద్దు. హైదరాబాద్‌లో, విజయవాడలో సాఫ్ట్ కోరల్స్ పెట్టుకున్నవాళ్లు వంటింటి ఆర్‌ఓ నీళ్లు వాడుతుంటే ఒక్కసారి ఆ మెషిన్ మీద ఏం రాసుందో చదవండి, ఈమధ్య చాలావాటిలో రాగి కలిపే కాట్రిడ్జ్ వస్తోంది, మనకి మంచిదేమో గానీ కోరల్స్‌కీ రొయ్యలకీ నత్తలకీ రాగి విషం.

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. 40 గాలన్ల ట్యాంక్ అనుకోండి. అక్రోపోరా ఒళ్లు పాలిపోయింది, చివర్లు కాలాయి, పాలిప్స్ కొంచెం వస్తున్నాయి. ఆల్క్ కాగితం మీద వరసగా 8.1, 8.3, 9.6, 9.4. నైట్రేట్ 12. హన్నా మీద 2. ఐరన్ మీడియా నడుస్తోంది, లైట్ మూడు వారాల కింద పెంచారు. చాలామంది ఇక్కడ లైట్ తగ్గించేసి ఆగిపోతారు. కానీ కాలిన చివర్లు అంటే చాలాసార్లు ఆల్క్ ఎక్కువా తిండి తక్కువా ఉన్న జోడీ, ఎముక తొందరగా పెరగాలని చూస్తుంటే చర్మం దాన్ని అందుకోలేక చివర తేలిపోతుంది. నైట్రేట్ 12, ఫాస్ఫేట్ లెక్కకి సున్నా, పైన చెప్పుకున్న చెడ్డ జోడీ కూడా ఉంది. కాబట్టి ఇవాళ మీడియా తియ్యండి, ఆల్క్ డోసింగ్ తగ్గించి దానంతటది 8కి దిగనివ్వండి, రోజుకి అర డీకేహెచ్ కంటే వేగంగా వద్దు. వారం ఆగి ఫాస్ఫేట్ మళ్లీ కొలిచి, అప్పటికీ 0.02 దాటకపోతే పొయ్యడం మొదలెట్టండి. లైట్ అప్పుడు చూద్దాం, అన్నీ ఒకేరోజు మారిస్తే దేనికి బాగైందో మీకే తెలీదు. రంగు తిరిగి రావడానికి వారాలు పడుతుంది, మొదట కనిపించే మంచి గుర్తు రంగు కాదు, రాత్రిపూట పాలిప్స్ ముందుకన్నా పొడుగ్గా రావడం, రోజూ రాత్రి అది చూడండి.

వచ్చే పాఠం లోపు పని: ప్రతి కోరల్‌నీ తెల్ల లైట్లో, అదే దూరం నుంచి, అదే ఫోన్‌తో వారానికొక ఫొటో తీసి, కింద ఆ రోజు ఆల్క్, నైట్రేట్, ఫాస్ఫేట్ రాయండి. ఏడో పాఠంలో పురుగులు, అక్రో తినే ఫ్లాట్‌వార్మ్, రెడ్ బగ్స్, మోంటీ (మోంటిపోరా కోరల్) తినే నూడిబ్రాంక్, వాటి గాట్లు ఎలా ఉంటాయో, డిప్, అంటే కోరల్‌ని మందునీళ్లలో ముంచడం, ఎలా చెయ్యాలో చూద్దాం, ఒక టర్కీ బేస్టర్, ఒక తెల్ల ప్లాస్టిక్ డబ్బా, జోయాంథిడ్స్ (గుంపుగా పెరిగే మెత్తటి కోరల్స్ లాంటివి) ఉన్నవాళ్లయితే గ్లవ్స్, కళ్లద్దాలు కూడా తెచ్చి పెట్టుకోండి, ఆ జోయాంథిడ్స్‌లో కొన్నిటికి పాలీటాక్సిన్ అనే విషం ఉంటుంది, ఒట్టి చేత్తో గీకడాలు, రాళ్లని వేడినీళ్లలో మరిగించడాలు అస్సలు చెయ్యకండి.