సంక్రాంతికి కారులో ఊరెళ్తున్నారా? ముందు స్టీరియో వైర్లు చూపించుకోండి

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. ఆ మాట ప్రకారం మేమూ కదల్లేదు, కారూ కదల్లేదు. ముక్కనుమ పొద్దున ఐదింటికి పిల్లల్ని, అరిసెల డబ్బాల్ని, మా అత్తగారు కట్టిచ్చిన కొబ్బరికాయల గోనెసంచిని ఎక్కించుకుని తాళం తిప్పితే టిక్ టిక్ టిక్ అంది, అంతే. డ్యాష్‌బోర్డు లైట్లు గుడ్డిగా వెలిగి ఆరిపోయాయి. మా బావమరిది పక్కింటి వాళ్లని లేపి ట్రాక్టర్ తెప్పించి, దాని బ్యాటరీ నుంచి వైర్లు తగిలిస్తే గానీ సెల్ఫ్ తీసుకోలేదు. బ్యాటరీ కొని రెండేళ్లు కూడా కాలేదు కాబట్టి దారి పొడుగునా దాన్నే తిట్టుకుంటూ వచ్చాను. హైదరాబాద్‌లో ఆటో ఎలక్ట్రీషియన్ మీటర్ పెట్టి చూస్తే తేలింది వేరే: దసరాకి ఒక కార్ డెకార్ షాపులో వేయించిన ఆండ్రాయిడ్ స్టీరియో, తాళం తీసి డోర్లు లాక్ చేశాక కూడా 0.3 ఆంపియర్లు తాగుతూనే ఉంది.

0.3 అంటే ఏముందిలే అనిపిస్తుంది. లెక్క వేయండి. రోజుకి 24 గంటలు, అంటే 7 ఆంపియర్ అవర్లు (ఆంపియర్లని గంటలతో గుణిస్తే వచ్చేది). భోగి ముందు రోజు సాయంత్రం బండి పెట్టేస్తే ముక్కనుమ పొద్దునకి మూడున్నర రోజులు, అంటే 25. మనలో చాలామంది తిప్పే చిన్న పెట్రోల్ కార్లలో ఉండేది 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ. మిగిలిన పదితో, అదీ పొద్దున్నే చలిలో, స్టార్టర్ మోటార్ ఏం తిరుగుతుంది? మరి మూడు నెలలు నాకెందుకు తెలియలేదంటే, రోజూ ఆఫీసుకి తిప్పుతుంటే రాత్రి ఎంత తాగితే పొద్దున డైనమో అంత నింపేస్తుంది. బండి కదలకుండా నిలబడిన పండగ రోజుల్లోనే ఈ రోగం బయటపడుతుంది.

తప్పు ఎక్కడుందంటే, స్టీరియో వెనక పసుపు వైరు, ఎరుపు వైరు అని రెండుంటాయి. పసుపుది ఎప్పుడూ కరెంటు ఉండేది, టైమూ సెట్టింగులూ గుర్తుపెట్టుకోవడానికి. ఎరుపుది తాళం తిప్పితేనే కరెంటు వచ్చేది. తాళం తీయగానే ఎరుపులో కరెంటు పోతుంది, అప్పుడే స్టీరియో నిద్రపోతుంది. నా బండిలో ఈ రెండింటినీ కలిపి మెలేసి పైన నల్ల టేపు చుట్టేశారు. తాళం లేకుండా కూడా పాటలు రావాలని కొందరు కస్టమర్లే అడుగుతారట, కొన్ని కార్లలో స్టీరియోకి తగిలించే కప్లర్‌లో (వైర్లన్నీ వచ్చే ప్లగ్గులో) అసలు ఎరుపుకి లైనే ఉండదు కాబట్టి షాపువాళ్లకి ఇది సులువు దారట. నేను దిగే ముందు స్క్రీన్ మీద బటన్ నొక్కేవాణ్ని, స్క్రీన్ నల్లబడేది, ఆగిపోయిందనుకునేవాణ్ని. లోపల బోర్డు మాత్రం మేలుకునే ఉంది.

అందుకని ఊరికి బయల్దేరే వారం ముందే, బ్యాగులు సర్దక ముందే, ఒక రాత్రి దీనికి కేటాయించండి. మూడు నాలుగు వందల రూపాయల మల్టీమీటర్ చాలు. బండి ఆపిన మూడు నాలుగు గంటల తర్వాత, అంటే రాత్రి పదింటికి, బ్యాటరీ రెండు టెర్మినళ్ల మీద వోల్టేజ్ చూసి రాసుకోండి, పొద్దున ఎనిమిదింటికి మళ్లీ చూడండి. నిండుగా ఉన్న బ్యాటరీ 12.6 దగ్గర చూపిస్తుంది, 12.2 అంటే సగం అయిపోయినట్టే. ఒక్క రాత్రిలో 0.1 పడిపోయిందంటే ఏదో తాగుతోందని అనుమానించాలి. ఇంజిన్ స్టార్ట్ చేశాక మామూలుగా 13.8 నుంచి 14.4 మధ్య రావాలి. పదమూడు దాటకపోతే స్టీరియో సంగతి తర్వాత, ముందు డైనమో చూపించండి. కొత్త కార్లలో డైనమో కావాలనే తగ్గి పెరుగుతుంటుంది కాబట్టి ఒక్కసారి చూసి కంగారుపడకండి.

ఖచ్చితంగా తెలియాలంటే నెగటివ్ టెర్మినల్ ఊడదీసి, మీటర్‌ని 10 ఆంపియర్ల పోర్టులో పెట్టి, ఆ వైరుకీ టెర్మినల్‌కీ మధ్య కలపాలి. డోర్లు మూసి అరగంట ఆగండి, కంప్యూటర్లన్నీ నిద్రపోవాలి కదా. 0.05 ఆంపియర్లు, అంతకంటే తక్కువ వస్తే హాయిగా ఊరెళ్లండి. ఎక్కువ వస్తే స్టీరియో ఫ్యూజ్ పీకి చూడండి, అంకె దబ్బున పడిపోతే దొంగ దొరికినట్టే. మీటర్ మధ్యలో ఉండగా పొరపాటున కూడా తాళం తిప్పొద్దు, మీటర్ పోతుంది (నాది ఫ్యూజ్ పోయింది).

ఇక వూఫర్ (బాస్ కొట్టే పెద్ద స్పీకర్), ఆంప్ (సౌండ్ పెంచే యాంప్లిఫయర్ పెట్టె) ఉన్నవాళ్లకి జాగ్రత్తలు ఇంకాస్త ఎక్కువ. ఆంప్‌కి నీలం-తెలుపు చారల సన్నటి వైరొకటి వస్తుంది, స్టీరియో ఆన్ అయినప్పుడే ఆంప్ లేవాలని చెప్పేది అదే. దాన్ని నేరుగా బ్యాటరీ లైన్‌కి కలిపేస్తే ఆంప్ ఇరవై నాలుగ్గంటలూ మేలుకునే ఉంటుంది. పరీక్ష చాలా సులువు: తాళం తీసిన పావుగంట తర్వాత డిక్కీ తెరిచి, ఆంప్ మీద చిన్న లైటు ఇంకా వెలుగుతోందేమో చూడండి.

ఆ ఆంప్‌కి వచ్చే లావు వైరు బ్యాటరీ నుంచి బయల్దేరిన ఒక జానెడు, మహా అయితే మూరెడు దూరంలోపే ఫ్యూజ్ ఉండాలి. ఇది బ్యాటరీ కోసం కాదు, మన ప్రాణాల కోసం. ఇంజిన్ నుంచి లోపలికి వచ్చే రేకు కన్నం దగ్గర రబ్బరు బుష్ లేకపోతే, గుంతల రోడ్డు మీద ఊగి ఊగి వైరు తోలు కోసుకుపోతుంది, రేకుకి తగిలితే ఆ క్షణంలో వందల ఆంపియర్లు పారతాయి, ఆపడానికి ఫ్యూజ్ తప్ప ఇంకేమీ ఉండదు. ఫ్యూజ్ మాటిమాటికీ పోతోందని పెద్దది వేసేవాళ్లనీ, సిగరెట్ పెట్టెలోని రేకు కాగితం చుట్టేవాళ్లనీ నేను చూశాను. వాళ్లకి చెప్పడానికి నా దగ్గర మర్యాదైన మాట లేదు.

వైరు కూడా చూసుకోండి. చౌక కిట్లలో వచ్చేది పైన రాగి పూత, లోపల అల్యూమినియం. ఒక పోగు బ్లేడుతో గీకితే లోపల తెల్లగా మెరుస్తుంది. అదే మందంలో అసలు రాగి తీసుకున్నంత కరెంటు అది తీసుకోలేదు, వేడెక్కుతుంది. ఎర్త్ వైరు బోల్టు కింద పెయింటు గీకి మెరిసే రేకుకే బిగించాలి. స్టార్ట్-స్టాప్ ఉన్న కార్లలో (సిగ్నల్ దగ్గర ఇంజిన్ దానంతటదే ఆగి మళ్లీ స్టార్టయ్యేవి) నెగటివ్ టెర్మినల్ మీద బ్యాటరీ కరెంటు లెక్కపెట్టే చిన్న సెన్సర్ ఉంటుంది, ఆంప్ ఎర్త్‌ని దాన్ని దాటించి నేరుగా బ్యాటరీకి కలిపితే బండి లెక్క తప్పుతుంది, బాడీకే కలపమనండి.

విజయవాడ రూట్లో పండగ ముందు పంతంగి టోల్ దగ్గర క్యూ ఎలా ఉంటుందో తెలిసిందే. ఐడ్లింగ్‌లో డైనమో పూర్తి కరెంటు ఇవ్వదు, పైగా ఏసీ ఫ్యాను, హెడ్‌లైట్లు నడుస్తుంటాయి. 500 వాట్ల ఆంప్ నిండా పెడితే 45 ఆంపియర్లు పైనే లాగుతుంది. బాస్ కొట్టినప్పుడల్లా హెడ్‌లైట్లు దానికి తాళం వేస్తున్నట్టు మసకబారుతుంటే సౌండ్ తగ్గించమని అర్థం. కెపాసిటర్ వేయించండి అని షాపువాడు అంటాడు, అది ఆ క్షణానికి సర్దుతుంది గానీ లేని కరెంటుని పుట్టించదు.

ఊళ్లో అసలు కథ వేరే. కోడిపందాల బరి పక్కన డిక్కీ ఎత్తి, ఇంజిన్ ఆపి, రెండు గంటలు పాటలు పెట్టారనుకోండి. ఆంప్ సగటున 10 ఆంపియర్లే లాగినా 20 ఆంపియర్ అవర్లు ఆవిరి. మా బావమరిది, "ఏం కాదు బావా, ఒక్క పాట" అంటాడు. ఆ ఒక్క పాటకి ఇంజిన్ ఆన్‌లో పెట్టండి, అదీ ఆరుబయట మాత్రమే.

ఇన్ని చూసుకున్నా ఆగిపోతే, జంపర్ కేబుల్ (ఒక బ్యాటరీ నుంచి ఇంకోదానికి కరెంటు ఇచ్చే లావు వైర్లు) ఎర్రది పాజిటివ్‌కి పాజిటివ్, నల్లది ఒక కొన సాయం చేసే బండి నెగటివ్ టెర్మినల్‌కి, రెండో కొన మాత్రం మన బ్యాటరీకి కాకుండా ఇంజిన్ మీద ఏదైనా గట్టి ఇనుముకి. ట్రాక్టర్, కారు పర్లేదు. పెద్ద లారీలవి 24 వోల్టులు, లారీవాళ్లు సాయానికొచ్చినా వద్దనండి. ఆటోమేటిక్ బండిని తోసి స్టార్ట్ చేయలేరు, పదిమందిని పిలిచి ఆయాసపడొద్దు.

షాపువాడు సంక్రాంతిలోపు సరిచేయలేనంటే, ఊరు చేరగానే 10 నంబర్ స్పానర్‌తో నెగటివ్ టెర్మినల్ ఊడదీసి పక్కకి పెట్టేయండి. గడియారం, కిటికీల ఆటో సెట్టింగు పోతాయి, మళ్లీ పెట్టుకోవచ్చు. కాకపోతే సామాను ముందే దించుకోండి, చాలా కార్లలో కరెంటు లేకపోతే డిక్కీ తెరుచుకోదు, కొత్త బట్టలన్నీ అందులోనే ఉంటాయి.