పద్యాలు రాసేవారి కూటమిలో మెట్లకు పేర్లు ఎలా పెట్టాలి

తెనాలిలో ప్రతి ఆదివారం సాయంత్రం గ్రంథాలయం మేడమీద గదిలో పద్యాలు రాసేవాళ్లం కొందరం కూర్చుంటాం. ఉద్యోగ విరమణ చేసిన బ్యాంకు ఉద్యోగులు, ఇంజనీరింగ్ చదివే అమ్మాయిలు, మందుల దుకాణం నడిపే ఒకాయన, అందరూ వస్తారు. ఎవరు ఎంతవరకు వచ్చారో పుస్తకంలో రాసిపెట్టే పని నాది. అది తెలియకపోతే ఎవరి పక్కన ఎవరిని కూర్చోబెట్టాలో, ఆ వారం ఎవరికి ఏ అభ్యాసం ఇవ్వాలో తోచదు. మీ ఊళ్లోనూ ఇలాంటి కూటమి పెట్టుకుంటే మెట్లు ఏర్పరచక తప్పదు. వాటికి పేర్లు పెట్టేటప్పుడు కాస్త జాగ్రత్త పడండి.

ప్రారంభకులు, మధ్యములు, పండితులు అని మాత్రం విభజించకండి. ముప్పై ఏళ్లు బడిలో తెలుగు చెప్పిన మాస్టారు మీ దగ్గరికి వస్తారు. ఆయనకు వందల పద్యాలు నోటికి వచ్చు, సొంతంగా మాత్రం ఒక్కటీ రాసి ఉండరు. ఆయనను ప్రారంభకుడని ఎలా పిలుస్తారు? కొత్తవాళ్ల మెట్టుకు ‘లఘువు’ అని పెడదామని మాలో ఒకరు సరదాపడ్డారు. ఛందస్సులో పొట్టి అక్షరం పేరు అది, తేలికైనది అనీ అర్థం. నేను ఒప్పుకోలేదు. ఎవరూ తమను తేలిక చేస్తున్నారని అనుకుంటూ నేర్చుకోలేరు. కవిరత్న, కవితిలక లాంటివీ వద్దు. బిరుదు సభలో పెద్దలు ఇచ్చేది, హాజరు పుస్తకంలో మనం రాసుకునేది కాదు. అవధాని అనే మాట జోలికి అసలే వెళ్లకండి. ఎనిమిది మంది పృచ్ఛకుల (ప్రశ్నలు అడిగేవారి) నడుమ కూర్చుని, మనసు మళ్లించడానికి అప్రస్తుతప్రసంగం చేసేవారి మాటలకు జవాబిస్తూనే పద్యాలన్నీ పూర్తిచేసి చివర ధారణ చేసినవారికి, అంటే అన్నిటినీ తిరిగి అప్పజెప్పినవారికి, దక్కే పేరు అది.

మరి ఏ పేర్లు పెట్టాలి? ఛందస్సులో సిద్ధంగా ఉన్నాయి. ఎవరు ఏ పద్యం తప్పు లేకుండా రాయగలరో ఆ పద్యం పేరే వారి మెట్టు. మా దగ్గర అడుగు మెట్టు ‘పాదం’, అంటే ఒక్క పాదం తప్పు లేకుండా రాయడం. తరువాతి మెట్టు ఆటవెలది, తేటగీతి కలిపి. ఈ రెంటికీ ప్రాస నియమం (ప్రతి పాదంలో రెండో అక్షరంగా ఒకే హల్లు రావడం) లేదు, సూర్యగణాలు, ఇంద్రగణాలు అనే అక్షరాల గుంపులు తెలిస్తే చాలు.

పాదం మెట్టు దాటారో లేదో ఎలా చూడాలో చెబుతాను. ఆటవెలదిలో రెండో పాదానికి అయిదు సూర్యగణాలు కావాలి. కొత్తగా వచ్చిన అమ్మాయి ‘మల్లె పూలు కోసి దండ కట్టె’ అని రాసింది అనుకోండి. మల్లె, పూలు, కోసి, దండ, కట్టె: అయిదూ గురువు (పలకడానికి లఘువుకు రెట్టింపు కాలం పట్టే అక్షరం) తరువాత లఘువు వచ్చే గణాలే, అంటే సూర్యగణాలే. వినడానికీ బాగుంది. కానీ నాలుగో గణం మొదటి అక్షరం పాదం మొదటి అక్షరంతో యతి కలవాలి, అంటే ధ్వనిలో పొత్తు కుదరాలి, ఇక్కడ ‘మ’కు ‘ద’ కలవదు. తప్పు ఎక్కడుందో మీరు చెప్పకండి. పాదం ఆమె చేతే బిగ్గరగా చదివించి ఆగండి. కాసేపటికి ‘దండ’ కొట్టేసి ‘మాల’ అని రాస్తుంది. మల్లె పూలు కోసి మాల కట్టె. ఆ తప్పు తానే పట్టుకున్న రోజున పుస్తకంలో పై మెట్టుకు మార్చండి. మీరు చెబితే దిద్దుకున్నది లెక్కలోకి రాదు.

కందాన్ని విడి మెట్టుగా ఉంచాలి. కందం చెప్పినవాడే కవి అని ఊరికే అనలేదు. నాలుగు మాత్రల గణాలు (లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు), ప్రాస, బేసి గణాల్లో జగణం (లఘువు, గురువు, లఘువు) రాకూడదు, రెండేసి పాదాలు కలిపి లెక్కిస్తే ఆరో గణం జగణమో నలమో (నాలుగు లఘువులు) అయి తీరాలి, సరిపాదాల చివర గురువు ఉండాలి. ఇన్ని ఒకేసారి చూసుకోవడం అలవడాలంటే చాలా కాలం పడుతుంది, కాబట్టి ఈ మెట్టులో ఉన్నవారిని తొందరపెట్టకండి.

అయితే మెట్లన్నీ ఒకే వరసలో పేర్చాలని లేదు. గీతి పద్యం (ఆటవెలది, తేటగీతి) పట్టుబడినవారు కందం జోలికి పోకుండా నేరుగా సీసానికి వెళ్లవచ్చు. సీసానికీ ప్రాస నియమం లేదు, చివర వచ్చేది వారికి తెలిసిన తేటగీతో ఆటవెలదో. మందుల దుకాణం ఆయన వెళ్లింది ఆ దారినే, ఇప్పుడు ఆయన సీసం చదువుతుంటే గదంతా వింటుంది. రెండో దారి కందం మీదుగా వృత్తాలకు, అంటే ప్రతి పాదంలో గురులఘువుల వరస మారని పద్యాలకు. వృత్తాల్లో నాలుగు మెట్లు పెట్టకండి, రెండు చాలు. ఉత్పలమాల పాదంలో మొదటి గురువును రెండు లఘువులుగా విడదీస్తే చంపకమాల అవుతుంది, శార్దూలాన్ని అలాగే విడదీస్తే మత్తేభం అవుతుంది. ఒకటి వచ్చినవారికి దాని జత సులువుగా వస్తుంది, దానికి వేరే పేరు అక్కర్లేదు. ఈ దారులకు పక్కనే ‘ఆశువు’ అని మరొకటి ఉంచాం. అప్పటికప్పుడు ఇచ్చిన సమస్యను (చిక్కుగా ఇచ్చిన పాదాన్ని) పద్యంగా పూరించగలిగితే చాలు, ఏ ఛందస్సయినా సరే.

వాడుకలో ఒక నియమం తప్పనిసరిగా పాటించండి. మెట్టు పేరుకు ఎప్పుడూ ‘లో’ చేర్చి పలకాలి. ‘ఆమె ఆటవెలదిలో ఉన్నారు’ అనాలి. ‘ఆమె ఆటవెలది’ అంటే అర్థం ఎటు పోతుందో తెలుగువారికి వేరే చెప్పనక్కర్లేదు. ‘ఆయన మత్తేభం’ (మదపుటేనుగు) అన్నా అంతే. పిలుపు మాత్రం అందరికీ గారే, కాలేజీ అమ్మాయికైనా సరే.

పై మెట్టుకు వెళ్లినవారికి చప్పట్లతో సరిపెట్టకుండా ఒక పని అప్పగించండి. కందంలోకి వెళ్లినవారు ఆటవెలదిలో ఉన్నవారి పద్యాలకు గణవిభజన చేసి చూడాలి. అలా చూసినందువల్ల వారి చెవి ఇంకా పదునెక్కుతుంది. ఎవరైనా కొన్ని నెలలు రాకపోయినా వారిని కింది మెట్టుకు దించకండి. వచ్చిన రోజున ఒక పాదం రాయించి, వదిలిన చోటి నుంచే అందుకోనివ్వండి.

పుస్తకంలో పేరు, మెట్టు, దాటిన తేదీ, దాటించిన పద్యం రాయండి. పద్యం మొత్తం, ఆయా సభ్యులే తమ చేతిరాతతో రాయాలి.